తాళం పగల్లేదు

రాత్రి రెండు పది.
కాశీబుగ్గలో జీడి కాల్చిన వాసన
గోడల్లోంచి ఇంకా దిగిపోలేదు.
ఫ్యాక్టరీ వెనక గదిలో
సర్వరు, నేను, ఒక పాత ఏసీ.
పలాస స్టేషను దాటే గూడ్సుకి
ముగ్గురం ఒక్కసారే వణుకుతాం.

లాగు ఫైలు తెరిచి చూస్తాను.
ఎవరో తలుపు కొడుతున్నాడు.
అడ్మిన్ అంటాడు. కాదు.
రూట్ అంటాడు. కాదు.
టెస్ట్ అంటాడు, గెస్ట్ అంటాడు,
మా యజమాని పేరు, ఆయన కూతురి పేరు,
పుట్టిన సంవత్సరం తగిలించి మరీ అంటాడు.
గంటకి పద్దెనిమిది వందల సార్లు.
అలుపు లేదు, కోపం లేదు,
కుక్క మొరిగితే ఆగే రకం కాదు.
ఐదు తప్పులకి ఆ అడ్రసు మూసేస్తాను,
ఆరోది ఇంకో దేశం నించి మొదలవుతుంది.

వీడికి నేను భయపడను.
చప్పుడు చేసేవాడే కదా.

భయం నిరుడు భాద్రపదంలో వచ్చింది,
చెప్పులు బయట విడిచినట్టు వచ్చింది,
"డియర్ లోకనాథం గారూ" అంటూ.
విశాఖ రేవులో దిగిన పచ్చి గింజల కంటైనరు,
అదే బిల్లు, అదే ముద్ర, అదే మర్యాద,
ఖాతా నంబరు మాత్రం కొత్తది.
పంపినవాడి పేరులో
ఎమ్ ఉండాల్సిన చోట
ఆర్, ఎన్ భుజాలు రాసుకుని నిలబడ్డాయి.
ముప్పయ్యేళ్ళు పద్దుల్లో పైసా జారనివ్వని కళ్ళు
ఆ వెంట్రుకవాసి సందుని చూళ్ళేదు.
పదకొండు లక్షలు.

ఆ పూట నా ఫైర్‌వాల్ పచ్చగానే వెలుగుతోంది.
ప్యాచీలన్నీ వేసే ఉన్నాయి.

మర్నాడు పప్పు ఒలిచేవాళ్ళంతా షెడ్డు ముందు నిలబడ్డారు.
దసరా బోనసు అందులోదే.
పైల దమయంతి అడిగింది:
"తాళం పగల్నేదు, పెంకు తియ్యనేదు,
మరి దొంగోడు ఎలాగొచ్చినాడు బావూ?"
డొమైన్ అన్నాను, స్పూఫింగ్ అన్నాను.
నోట్లో మాటలు పొట్టులా ఎగిరిపోయాయి.
చివరికి ఆ రెండు పేర్లూ పెద్దవి చేసి
తెర మీద పక్కపక్కన పెట్టాను.
ఇంగ్లీషక్షరం రాని మనిషి
కాసేపు తల వంచి చూసి
సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.
"రెండు బద్దలు అతికించి
గుండని అమ్మీసినాడు."

ఆ మాట చీటీ రాసి
మానిటరు అంచుకి అంటించుకున్నాను.

ఇప్పుడు ఖాతా మారిందని మెయిలొస్తే
ఫోను చేసి అడగాలి,
మెయిల్లో ఉన్న నంబరుకి కాదు,
నూనె మరకల పాత డైరీలో ఉన్న నంబరుకి.
లోకనాథం గారైతే
మేనల్లుడి పెళ్ళి ఫోటోలు కూడా
మూడు రోజులు తెరవలేదు.

మొన్న హాజరుకి వేలిముద్ర మిషను వచ్చింది.
దమయంతి చూపుడువేలు పెట్టింది. ఎర్ర లైటు.
బొటనవేలు. ఎర్ర లైటు.
చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
ఇరవై ఏళ్ళ జీడి నూనె
ఆ గీతలన్నీ తినేసింది.
రోజూ వచ్చే మనిషిని
నువ్వెవరో తెలీదంది మిషను.

కీబోర్డు ఆమె వైపు తిప్పి
తెలుగు అక్షరాలు తెరిచాను.
పిల్లల పేరు వద్దు, ఊరి పేరు వద్దు,
తిత్లీ వచ్చిన తేదీ అసలే వద్దు,
అది ఇక్కడ ప్రతివాళ్ళకీ తెలుసు.
ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కొట్టింది.
తెర మీద చుక్కలు.
ఆ మాటని సర్వరు దాచదు,
నూరి పిండి చేసి, ఆ పిండినే దాస్తుంది.
పిండిలోంచి పప్పు మళ్ళీ తీయడం
నా వల్ల కూడా కాదు.
"ఏం పెట్టావక్కా?" అన్నాను, పరీక్షకి.
నల్లబడ్డ వేళ్ళతో కొంగు సర్దుకుంటూ
"నీకెందుకు సెప్తాను బావూ" అంది.

రెండు నలభై.
వాడింకా కొడుతూనే ఉన్నాడు.
ఫ్లాస్కులో టీ చల్లారింది.
ఈ రాత్రి బ్యాకప్ ఒకటి విప్పి చూడాలి,
దాచానని నేననుకుంటున్నది
నిజంగా అక్కడుందో లేదో.